లీత్‌కు ఆలస్యంగా చేరిన ట్రామ్

స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోను ఆనుకుని ఉన్న రేవు పట్టణం లీత్. ఈ రెండింటి మధ్య ట్రామ్ తగువు పాతదే. 1905లో లీత్ తన ట్రామ్‌లకు కరెంటు పెట్టుకుంది. ఎడిన్‌బరోవి మాత్రం రోడ్డు కింద తిరిగే ఇనుప తాడును పట్టుకుని నడిచేవి. అందువల్ల సరిహద్దు దగ్గర, పిల్‌రిగ్‌లో, ప్రయాణికులు ఒక బండి దిగి ఇంకొకటి ఎక్కాల్సి వచ్చేది. లీత్ వాసులు ఓటేసి మరీ వద్దన్నా 1920లో పట్టణాన్ని నగరంలో కలిపేశారు. పిల్‌రిగ్ దగ్గర దిగి ఎక్కే బాధ 1922లో తీరింది. 1956లో ట్రామ్‌లే పోయాయి.

కొత్త ట్రామ్‌కు 2006లో స్కాట్లాండ్ పార్లమెంటు అనుమతి దొరికింది. విమానాశ్రయం నుంచి లీత్ మీదుగా న్యూహేవెన్ దాకా లైను, ఖర్చు 54.5 కోట్ల పౌండ్లు, ప్రారంభం 2011లో అని అంచనా. పట్టాల కింద నీటి, గ్యాస్ పైపులుంటే మరమ్మతు వచ్చినప్పుడల్లా ట్రామ్‌లు ఆపాలి. అందుకని ముందు వాటిని పక్కకు జరపడం మొదలుపెట్టారు. మ్యాపుల్లో కనిపించేది ఒకటి, తవ్వితే బయటపడేది ఇంకొకటి. ఆ పని తెమలకుండానే పట్టాల కాంట్రాక్టు ఇచ్చేయడంతో చిక్కొచ్చిపడింది. అదనపు ఖర్చు ఎవరు భరించాలన్న గొడవతో 2009లో ప్రిన్సెస్ స్ట్రీట్‌లో పని నిలిచిపోయింది. 2011లో రాజీ కుదిరేసరికి లైను నగరం మధ్యలోని యార్క్ ప్లేస్‌కే కుదించుకుపోయింది. ఏళ్ల తరబడి గుంతలు భరించిన లీత్ వాక్ రోడ్డు దుకాణదారులకు ట్రామ్ మాత్రం దక్కలేదు. విచిత్రమేమంటే, మొత్తం లైనుకు సరిపడా 27 ట్రామ్‌లు అప్పటికే కొనేశారు. చివరికి 14 కిలోమీటర్ల లైను 2014 మే 31న మొదలైంది. అప్పటికి ఖర్చు 77.6 కోట్ల పౌండ్లు.

మిగిలిన 4.69 కిలోమీటర్లకు నగర కౌన్సిల్ 2019లో 20.7 కోట్ల పౌండ్లు మంజూరు చేసింది. ఈసారి ఒక్కో భాగాన్ని మూసి, పైపుల పనీ పట్టాల పనీ ఒకే తవ్వకంలో పూర్తిచేసే పద్ధతి పెట్టుకున్నారు. 2020లో కోవిడ్ వల్ల కొన్నాళ్లు పని ఆగింది. కాన్‌స్టిట్యూషన్ స్ట్రీట్‌లో సౌత్ లీత్ చర్చి పాత శ్మశానం కొంత రోడ్డు కిందికి వచ్చింది. అక్కడ 1300-1650 నాటి 360కి పైగా అస్థిపంజరాలను పురావస్తు నిపుణులు జాగ్రత్తగా వెలికితీశాకే పట్టాలు పడ్డాయి. 2023 జూన్ 7న ట్రామ్ న్యూహేవెన్ చేరింది.

మొదటి దశ వైఫల్యంపై 2014లో ఏర్పాటైన లార్డ్ హార్డీ విచారణ నివేదిక 2023 సెప్టెంబరులో వెలువడింది. లైను వేయడానికి పట్టిన కాలం కంటే విచారణకు పట్టిందే ఎక్కువ. పనిని నడిపించడానికి కౌన్సిల్ పెట్టుకున్న టీఐఈ అనే సొంత కంపెనీనీ, కౌన్సిల్‌నూ నివేదిక ప్రధానంగా తప్పుపట్టింది.