ప్రపంచీకరణ: చారిత్రక పరిణామం

సరుకులు, పెట్టుబడి, శ్రామికులు, సాంకేతిక విద్యలు, అలవాట్లు రాజ్యాల ఎల్లలు దాటి సాగుతూ, ఒక దేశపు బతుకుతెరువు మరో దేశపు అవసరాల మీద ఆధారపడే స్థితికి రావడాన్ని ప్రపంచీకరణ అంటారు. ఇది ఎప్పుడు మొదలైందన్న విషయంలో చరిత్రకారులు ఒక మాట మీద లేరు. డెనిస్ ఫ్లిన్, ఆర్టురో గిరాల్డెజ్ 1571ని ఎంచుకున్నారు. స్పెయిన్ వారు మనీలా నగరాన్ని నెలకొల్పడంతో అమెరికా, ఆసియా ఖండాల మధ్య నేరుగా వెండి వ్యాపారం మొదలైన ఏడాది అది. కెవిన్ ఓరూర్క్, జెఫ్రీ విలియమ్సన్ మాత్రం ఖండాల మధ్య సరుకుల ధరలు దగ్గరపడసాగిన 1820 దశకం నుంచే లెక్క మొదలుపెడతారు. భారతీయ పాఠకులకు ఆర్థిక సంస్కరణల ఏడాది 1991 బాగా పరిచయం. వీటిలో దేన్ని ఆరంభంగా తీసుకున్నా, దానికి ముందు జరిగిన సముద్ర వ్యాపారాన్ని తోసిపుచ్చడం కష్టం.

తొలి దశలు

క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నావికుల కరదీపిక ‘ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్’ కృష్ణా ముఖద్వార ప్రాంతాన్ని మసాలియా పేరుతో పేర్కొని, అక్కడ సన్నని నూలు బట్టలు విరివిగా తయారయ్యేవని చెబుతుంది. తరువాతి శతాబ్దంలో భూగోళవేత్త టోలెమీ పేర్కొన్న కొంటకొస్సిల నేటి ఘంటసాల అని పండితుల అభిప్రాయం. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ కనిపిస్తుంది. భారతదేశపు సరుకుల కోసం రోము ధనం తరలిపోతోందని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. ఆ తరువాతి వెయ్యేళ్లలో పట్టు బాటల మీదుగా, అరబ్బు, చైనా ఓడల మీద వ్యాపారం కొనసాగింది.

ఈ నడిమి కాలానికి చెందిన మోటుపల్లి రేవు అభయ శాసనం (1244-45) ప్రత్యేకంగా చెప్పదగినది. తుపానుకు దారి తప్పి తీరానికి కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాగేసుకునేవారు. కాకతీయ గణపతిదేవుడు ఆ పద్ధతిని రద్దు చేసి, విదేశీ వర్తకులకు రక్షణ ఇచ్చి, సుంకాన్ని ముప్పైకి ఒక వంతుగా నిర్ణయించాడు. చందనం, పచ్చకర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పట్టు, మిరియాలు వంటి సరుకులపై వసూళ్లు ఎంతెంతో శాసనం వివరిస్తుంది. వర్తకుడికి ముందే తెలిసిన పన్ను, దోపిడీ జరగదన్న హామీ, ఈ రెండూ ఎంత విలువైనవో గ్రహించిన దూరదృష్టి గల పాలన ఇది. 1358లో కొండవీటి పాలకుడు అనపోత రెడ్డి ఇదే రేవులో ఇటువంటి హామీనే మళ్లీ ప్రకటించాడు.

మచిలీపట్నం శతాబ్దం

1492లో కొలంబస్, 1498లో వాస్కో డ గామా యాత్రలతో ఖండాలన్నీ ఒకే వలలోకి వచ్చాయి. మిరప, వేరుశనగ, మొక్కజొన్న, జీడిమామిడి, బొప్పాయి, పొగాకు అమెరికా ఖండాల నుంచి వచ్చిన పంటలే. పొటోసీ గనుల వెండి అమెరికా నుంచి ఐరోపాకు, అక్కడి నుంచి ఆసియాకు చేరేది. ఐరోపావారి దగ్గర ఆసియా కొనదగ్గ సరుకు పెద్దగా లేకపోవడంతో వాళ్లు వెండితోనే చెల్లించేవారు.

ఈ వ్యాపార వ్యవస్థ పనితీరును 17వ శతాబ్దపు మచిలీపట్నంలో చూసినంత స్పష్టంగా మరోచోట చూడటం అరుదు. గోల్కొండ కుతుబ్‌షాహీల ప్రధాన రేవు ఇది. లోతు తక్కువ కావడంతో పెద్ద ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసేవి, సరుకును పడవల మీద చేరవేసేవారు. ఇరాన్ వర్తకులు, తెలుగు కోమట్లు, పెగూ, ఆచే, అరకాన్, మోఖా, బందర్ అబ్బాస్‌లకు ఓడలు నడిపేవారు ఇక్కడ కలిసేవారు. హజ్ యాత్రికులు కూడా ఈ రేవు నుంచే బయలుదేరేవారు. గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా వజ్రాల వ్యాపారి, ఓడల యజమాని కూడా. డచ్చి కంపెనీ 1606లో సుల్తాను నుంచి వ్యాపార హక్కులు పొందింది. ఆంటొనీ హిప్పన్ నాయకత్వంలో ‘గ్లోబ్’ అనే ఇంగ్లీషు ఓడ 1611లో వచ్చింది.

డచ్చివారికి కావలసింది మలుకు దీవుల లవంగాలు, జాజికాయలు. ఆ దీవులవారు అడిగింది కోరమాండల్ (భారత తూర్పు తీరపు) బట్టలు. వెండితో మచిలీపట్నంలో బట్టలు కొని, బట్టలతో దీవుల్లో సుగంధద్రవ్యాలు కొని, వాటిని ఆమ్‌స్టర్‌డామ్‌లో అమ్మడం వారి వ్యాపార సూత్రం. జపాన్ రాగి ఇదే మార్గంలో తెలుగు తీరానికి వచ్చేది. కంపెనీ గుమాస్తాలు మచ్చు ముక్కలు చూపించి వర్తకులకు బయానా ఇస్తే, వర్తకులు పల్లెల్లోని సాలెవారికి ఆ పైకం పంచేవారు. సయాం వారికో అంచు, ఇరాన్ వారికో పూలతీగె, జావా వారికో ఎరుపు అన్నట్టు, ఎన్నడూ చూడని జనాల అభిరుచిని బట్టి కృష్ణా తీరపు కళాకారుడు అద్దకం వేసేవాడు. 1618-22 మధ్య ఇక్కడున్న ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగి విలియం మెథ్వోల్డ్ మోఖాకు, అరకాన్‌కు పొగాకు ఎగుమతి కావడాన్ని రాశాడు. అమెరికా మొక్క తెలుగు నేల మీద పండి యెమెన్ చేరడానికి నూరేళ్లకు కాస్త ఎక్కువ పట్టిందంతే.

ఈ బట్టలకున్న పేరు రంగు వల్ల వచ్చింది. గుడ్డను గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచి ఎండబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. ఇనుపముక్కలను బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసిన ద్రావణంతో నల్లగీతలు గీస్తారు, ఎరుపు రావలసిన చోట పటిక పూస్తారు. ఆపైన తీరపు ఇసుకనేలల్లో పెరిగే చిరువేరుతో ఉడికిస్తే, పటిక తగిలిన మేరకే ఎరుపు పట్టుకుంటుంది, ఉతికినా వదలదు. ఐరోపా అద్దకం పనివారికి ఈ కిటుకు చాలాకాలం అందలేదు. తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువు కూర్చిన జెసూట్ పాద్రీ కేర్డూ 1742లో ఈ ప్రక్రియను లేఖగా రాసి ఫ్రాన్సుకు పంపాడు. నేటి భాషలో చెప్పాలంటే పారిశ్రామిక రహస్యం దాటిపోయింది.

అప్పటికే ఐరోపా తలుపులు మూసుకుంటున్నాయి. తమ నేతగాళ్ల గోడు విని ఫ్రాన్సు 1686లో అద్దకపు నూలు బట్టలను నిషేధించింది. ఇంగ్లండు 1700లోను, మరింత కఠినంగా 1721లోను చట్టాలు చేసి, 1774లో, సొంత మిల్లుల నూలు పరిశ్రమ నిలదొక్కుకుంటున్న వేళ, సడలించింది. స్వేచ్ఛా వాణిజ్యం గురించి తరువాతి కాలంలో ఎక్కువ ఉపన్యాసాలు చెప్పిన దేశం ఇదే. మరో చీకటి కోణమూ ఉంది. ‘గినీ గుడ్డ’ అనే కోరమాండల్ బట్టను ఐరోపా వర్తకులు పశ్చిమాఫ్రికాకు తీసుకెళ్లి, దానితో బానిసలను కొనేవారు. ఈ తీరం నుంచి కూడా డచ్చి ఓడలు మనుషులను బానిసలుగా తరలించాయి.

1687లో గోల్కొండ పతనం తరువాత మచిలీపట్నం వెలుగు తగ్గింది. 1759లో ఇంగ్లీషు కంపెనీ దీన్ని ఫ్రెంచివారి నుంచి గెలుచుకుంది. పాలకుడే కొనుగోలుదారు కావడంతో సాలెవారికి బేరమాడే వీలు పోయింది. 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారు. అద్దకం పని నేటికీ పెడనలో అచ్చుదిమ్మెలతో సాగుతోంది.

ఆవిరి యుగం

లాంకషైర్ మిల్లులు, రైళ్లు, సముద్రగర్భ తంతి, 1869లో సూయజ్ కాలువ దూరాలను కుదించాయి. సరుకులతో పాటు కూలీలూ ఓడలెక్కారు. కోరంగి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి బర్మాకు, ఒప్పంద కూలీలుగా మారిషస్, నటాల్, ఫిజీలకు తెలుగువారు వెళ్లారు. రెండు ప్రపంచ యుద్ధాలు, నడుమ 1929 ఆర్థిక మాంద్యం ఈ దశకు తెరదించాయి.

1944 తరువాత

బ్రెటన్‌వుడ్స్ సమావేశం (1944) నుంచి ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్య నిధి, 1947లో గాట్ ఒప్పందం, 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ వచ్చాయి. వీటికన్నా తక్కువ ఆర్భాటంతో ఎక్కువ మార్పు తెచ్చింది ఇనుప పెట్టె. 1956 ఏప్రిల్ 26న మాల్కమ్ మెక్లీన్ ఓడ ‘ఐడియల్ ఎక్స్’ 58 కంటైనర్లతో న్యూఅర్క్ నుంచి హ్యూస్టన్ వెళ్లింది. బస్తా బస్తా మోసే హమాలీ పని పోయింది, రవాణా ఖర్చు పడిపోయింది.

భారతదేశంలో 1991 చెల్లింపుల సంక్షోభం వేళ విదేశీ మారక నిల్వలు అడుగంటి, బంగారం విదేశాల్లో తాకట్టు పెట్టవలసి వచ్చింది. ప్రధాని పి.వి. నరసింహారావు, ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్ జులైలో రూపాయి విలువ తగ్గించి, లైసెన్సు విధానాన్ని చాలావరకు ఎత్తివేశారు. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అదే కాలంలో వరంగల్ పత్తి రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కలచివేశాయి. తెగుళ్లు, వానలు, ప్రైవేటు అప్పులతో పాటు మార్కెట్ ధరలు కూడా అందుకు కారణాలుగా చర్చకు వచ్చాయి.

ఇతర పార్శ్వాలు

ప్రపంచీకరణ ఆర్థిక విషయం మాత్రమే కాదు. భాష, తిండి, సినిమా, వాతావరణం, అంటువ్యాధులు అన్నీ దీని పరిధిలోవే. చేతివృత్తులు కుదేలైన పల్లెల గురించి గోరటి వెంకన్న కట్టిన పాట ఊరూరా వినిపించింది. అమెరికాలో స్థిరపడిన తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల కథ దీనికి మరో ముఖం. ఈ అల్లిక ఎంత సున్నితమో కూడా తెలిసివచ్చింది: 2021 మార్చిలో ‘ఎవర్ గివెన్’ ఓడ సూయజ్ కాలువకు అడ్డంగా ఇరుక్కుపోతే, ఆరు రోజుల పాటు ఆ దారి మూతపడి వందలాది ఓడలు నిలిచిపోయాయి.

వాణిజ్య నిబంధనలూ మారుతూనే ఉన్నాయి. సంపన్న దేశాలు పేద దేశాల బట్టలపై 1974 నుంచి బహుళ నూలు ఒప్పందం కింద విధించిన కోటాల పద్ధతి 2005 జనవరి 1న ముగిసింది. 2018 నుంచి అమెరికా, చైనా పరస్పరం సుంకాలు పెంచుకున్నాయి. కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకోవడంతో ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీళ్ల విభాగం 2019 డిసెంబరు నుంచి తీర్పులు ఇవ్వలేని స్థితిలో ఉంది.