కర్రపెండలం – మెట్ట నేల

మనం వడియాలు పెట్టుకునే సగ్గుబియ్యం కర్రపెండలం దుంపదే. ఆ మొక్క పుట్టింది దక్షిణ అమెరికాలో. పోర్చుగీసువాళ్ళు కేరళకు తెచ్చారు. 1880లలో తిరువాన్కూరు మహారాజు విశాఖం తిరునాళ్ పేదల తిండి కోసం దాన్ని పండించమన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో మలయా నుంచి సగ్గుబియ్యం రావడం ఆగిపోతే, 1943లో సేలంలో తయారీ మొదలైంది. మన ఉమ్మడి తూర్పుగోదావరి మెట్టలో పెద్దాపురం, రంగంపేట వైపూ ఈ పంట, మిల్లులూ పాతుకున్నాయి.

"పెండలం నేలను పీల్చేస్తుంది" అంటారు. సగమే నిజం. దుంపతోపాటు పొటాష్ పోతుంది, సరే. అసలు నష్టం మొదటి మూడు నెలల్లోనే. మూడడుగుల ఎడంలో నాటిన కర్రముక్కలు చిగిర్చి నేలను కప్పేలోపే వానకి పైమట్టి వాగు పాలవుతుంది. మిల్లు నీళ్ళు శుద్ధి చేయకుండా వదిలితే చెరువు కంపు కొడుతుంది, అది వేరే గొడవ.

అక్కల్లారా, ఆ మూడు నెలలూ చేలో కలుపు తీసేది మనమే కదా! వాలుకు అడ్డంగా బోదెలు తోలించి, వరుసల మధ్య మినుమో అలసందో వెయ్యాలి. నేలకు నీడ, ఇంటికి పప్పు. కాయ కోశాక ఆ మొక్కల్ని అక్కడే మట్టిలో కలిపెయ్యాలి.

కౌలు చేలో ఇది కష్టమే. ఏటా మారే కౌలుదారు వచ్చే ఏటి నేల కోసం ఎందుకు పాటుపడతాడు? కౌలు మూడేళ్ళకు మాట్లాడుకునే సంగతి గ్రామ సంఘాల్లో ఈ ఏడాదైనా ఎత్తాలి.