నిరీక్షణ జాబితా (భారతీయ రైల్వేలు)

భారతీయ రైల్వేలలో ఒక బండిలో ఒక తరగతికి చెందిన బెర్తులన్నీ నిండిన తరువాత టికెట్టు కొన్న ప్రయాణీకుల పేర్లను వరుసక్రమంలో చేర్చే పట్టికను నిరీక్షణ జాబితా అంటారు. వాడుకలో ఇది వెయిటింగు లిస్టుగా ప్రసిద్ధము. ఇందులో పేరున్నంత మాత్రాన రిజర్వేషను పెట్టె ఎక్కే హక్కు లభించదు.

టికెట్టు స్థితులు

రిజర్వేషను టికెట్టు మూడు స్థితులలో ఒకదానిలో ఉంటుంది.

* ఖరారు: ప్రయాణీకునికి బెర్తు లభించినట్లే.
* ఆర్.ఏ.సి.: బండి ఎక్కవచ్చును. స్లీపరు తరగతిలో నడవ ప్రక్కనున్న క్రింది బెర్తును ఇద్దరు పంచుకొని కూర్చోవలెను. ఎవరైనా ప్రయాణం రద్దు చేసుకొంటే పూర్తి బెర్తు దొరకవచ్చును. ఛార్జీ మాత్రం పూర్తిగా చెల్లించవలసినదే.
* నిరీక్షణ: టికెట్టుపై "30/12" అని ఉన్నచో, కొన్ననాటి స్థానము 30, ప్రస్తుత స్థానము 12 అని అర్థము.

బండి బయలుదేరే స్టేషను నుండి చేసే ప్రయాణాలకు సాధారణ జాబితా, మధ్య స్టేషన్ల నుండి చేసే ప్రయాణాలకు వేరే జాబితాలు, తత్కాల్ టికెట్లకు మరొక జాబితా ఉంటాయి. సాధారణ జాబితా తక్కినవాటికంటె త్వరగా కదులుతుంది. కనుక సంఖ్య ఒకటే అయినా బెర్తు దొరికే అవకాశము ఒకటి కాదు.

చార్టు తయారైన తరువాత

బండి బయలుదేరడానికి కొన్ని గంటల ముందు చార్టు తయారవుతుంది. అప్పటికీ పేర్లన్నీ నిరీక్షణలోనే ఉన్న ఈ-టికెట్టు దానంతటదే రద్దయి, సొమ్ము ఖాతాకు తిరిగి చేరుతుంది. ఆ టికెట్టుతో బండి ఎక్కినవారిని టికెట్టు లేనివారిగా పరిగణిస్తారు. ఒకే టికెట్టుపై కొందరికి బెర్తు లేదా ఆర్.ఏ.సి. లభిస్తే ఆ టికెట్టు రద్దు కాదు. కౌంటరులో కొన్న టికెట్టు దానంతటదే రద్దు కాదు. గడువులోగా తిరిగి ఇచ్చి సొమ్ము పొందవలెను. అందుచేత ప్రయాణానికి ముందు 10 అంకెల పీ.ఎన్.ఆర్. సంఖ్యతో టికెట్టు స్థితిని సరిచూసుకొనుట అవసరము.

చరిత్ర

పూర్వము రిజర్వేషన్లను పుస్తకాలలో చేతితో వ్రాసేవారు. కంప్యూటరు విధానము 1985లో ఢిల్లీలో మొదలయినది. దేశవ్యాప్త అనుసంధానము కొరకు రూపొందించిన "కన్సర్ట్" సాఫ్టువేరును మొదట 1994లో సికింద్రాబాదులో అమలు చేశారు. 1999లో ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాల అనుసంధానము పూర్తి అయినది. 2002లో అంతర్జాలము ద్వారా టికెట్ల విక్రయము ప్రారంభమయినది. 120 రోజులుగా ఉన్న ముందస్తు రిజర్వేషను గడువును 2024 నవంబరు 1 నుండి 60 రోజులకు తగ్గించారు.