సుగ్గిని ఇంగ్లిష్‌లో ఏమంటారు?

తెల్లారకముందే సి.బెళగల్‌లో బస్సెక్కుతావు. గూడూరు మీదుగా కర్నూలు. ఒళ్లో టిఫిన్ డబ్బా, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. లిజనింగ్ ప్రాక్టీసు నడుస్తోంది. ఎవరో అమ్మాయి లైబ్రరీ కార్డు కోసం తన పేరు ఒక్కో అక్షరమే చెబుతోంది. హారన్ మోతలో రెండక్షరాలు జారిపోతాయి. వెనక్కి జరపబోయి వేలు ఆపుకుంటావు. పరీక్షలో ఒక్కసారే వినిపిస్తారు. పోయింది పోయినట్టే.

క్లాసు మూడో అంతస్తులో. గోడ మీద ఐఈఎల్‌టీఎస్ లెక్కలు: లిజనింగ్ 40 ప్రశ్నలు, రీడింగ్ 60 నిమిషాల్లో 40, రైటింగ్ గంటలో రెండు, స్పీకింగ్ 11 నుంచి 14 నిమిషాలు. కింద ఎర్ర మార్కర్‌తో 6.5. విదేశాల్లో పీజీకి చాలా యూనివర్సిటీలు అడిగే స్కోరు అదే.

హైదరాబాద్‌లో ఇంగ్లిష్ టీచర్ల కోసం 1958లో పెట్టిన సంస్థ, ఇప్పటి ఇఫ్లూలో చదువుకొచ్చారు మేడం. ముందుగా ఒక గ్రాఫు ఇస్తారు. మూడు దేశాల గోధుమ ఎగుమతులు, 150 పదాలు. ఒక గీత ఉన్నట్టుండి కిందికి దిగింది. వాన పడలేదేమోనని రాస్తావు. నీకు తెలిసిన కారణం అదే.

"ఇక్కడ కనిపించింది చెప్పు, చాలు. ఎందుకన్నది రెండో ప్రశ్నలో" అంటారు మేడం.

రెండోదానికి 250 పదాలు. పల్లె జనం పని కోసం ఊళ్లు విడుస్తున్నారు, కారణాలేమిటి?

పెన్ను వెంటనే పరుగెడుతుంది. బట్టీపట్టిన పేరా మొత్తం కాగితం మీదికి దిగిపోతుంది: ఆధునిక ప్రపంచం, శరవేగంగా అభివృద్ధి. పదోతరగతిలో, ఇంటర్లో, డిగ్రీలో నిన్ను గట్టెక్కించింది ఈ బట్టీయే.

"ఇది నీది కాదు. ఎగ్జామినర్లు ఇట్టే పట్టేస్తారు. మీ ఊరి నుంచి ఎవరూ పోలేదా?"

పోనివాళ్లెవరు? తుంగభద్ర పక్కనే పారుతున్నా మబ్బుల కోసం ఎదురుచూసే మెట్ట చేలు. మూటాముల్లె, వంటసామాను, చంటిపిల్లలతో మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోయే బండ్లు. తాళాలు పడిన ఇళ్లు. ఏడో తరగతిలో నీ పక్కన కూర్చున్న పిల్ల ఆ ఏడు పోయి, మళ్లీ బడి ముఖం చూడలేదు.

"మేం సుగ్గి అంటాం మేడం. ఇంగ్లిష్‌లో ఏమంటారు?"

"సీజనల్ మైగ్రేషన్." బోర్డు మీద రాస్తారు.

ఆ రెండు మాటలు పట్టుకుని మొదలుపెడతావు. కాలాలు తప్పుతాయి, ఆర్టికల్స్ రాలిపోతాయి. మేడం వాటిని దిద్దుతారు, నీ మాటను మాత్రం కొట్టేయరు. ఇన్నేళ్ల చదువులో నువ్వేమనుకుంటున్నావని నిన్ను అడిగిన మొదటి మనిషి ఆమె. కట్టిన ఫీజుకు దక్కిన అసలు పాఠం ఆ ప్రశ్నే. అది ఊరి బళ్లోనే, పైసా ఖర్చు లేకుండా దొరకాల్సింది.

రాత్రి కంచం ముందు నాయన అడుగుతాడు: "ఏం రాపిచ్చినారు మా ఈ పొద్దు?"

"మన సుగ్గి గురించి రాసినా నాయనా."

ముద్ద చేతిలోనే ఆగిపోతుంది. "దానికి గూడా మార్కులేస్తారా?"

"ఎందుకు పోతారో చెప్తే ఏస్తారు."