పెద్దయితే పోతుంది

నాకు ఏడేళ్ళప్పుడు మోకాలు వాచింది. "పెద్దయితే అదే పోతుందిలెండి" అన్నారు డాక్టరు నాన్నతో. ఇప్పుడు నాకు ముప్పై ఆరు. పొద్దున్నే పేస్టు ట్యూబు పిండటానికి వేళ్ళు ఇంకా అరగంట టైమడుగుతాయి. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దామని ఈ జబ్బు చరిత్ర తిరగేశాను.

1897లో లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ అనే డాక్టరు (అప్పటికి ముప్పై నిండలేదు) 22 మంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశాడు. పిల్లల కీళ్ళవాతం పెద్దవాళ్ళ జబ్బుకి చిన్న సైజు నకలు కాదు, కొందరిలో బిళ్ళలు కడతాయి, ప్లీహం పెరుగుతుంది అన్నాడు. గొప్ప పరిశీలనే. కానీ పిల్లల ఆసుపత్రిలో ఫైలు, పిల్లాడు పెద్దయ్యేసరికి మూసేస్తారు. పోయేది జబ్బా, ఫైలా అన్నది అక్కడ కూర్చుంటే తేలదు.

తేల్చింది టాప్లో. ఇంగ్లండ్‌లో ఆ ఊరి దగ్గర కెనడా రెడ్‌క్రాస్ వాళ్ళు యుద్ధకాలంలో కట్టిన ఆసుపత్రిలో 1947లో పిల్లల రుమాటిజం యూనిట్ మొదలైంది. నిజానికి అది రుమాటిక్ జ్వరం కోసం. పెన్సిలిన్ వచ్చి ఆ జ్వరం తగ్గుతుంటే, మంచాల్లోకి స్టిల్ చెప్పిన పిల్లలు వచ్చారు. ఎరిక్ బైవాటర్స్, బార్బరా ఆన్సెల్ వాళ్ళని ఇంటికి పంపి ఊరుకోలేదు. ఏళ్ళ తరబడి పిలిచి చూశారు. చాలామంది చదువుకున్నారు, ఉద్యోగాల్లో చేరారు. కొందరికి తుంటి అరిగిపోయింది, దవడ ఎదగలేదు, చూపు పోయింది. కొందరు అమిలాయిడోసిస్‌తో మూత్రపిండాలు పాడై చనిపోయారు. కార్టిసోన్ కనిపెట్టినవాళ్ళకి 1950లో నోబెల్ వచ్చింది గానీ, అదే మందు ఎక్కువకాలం వాడిన పిల్లల ఎత్తుని ఆపేసింది. మందు చేసిన పనేదో, జబ్బు చేసిన పనేదో విడదీయటం కష్టమైపోయింది.

ఇంకో వింత, 1971లో బైవాటర్స్ ఇదే జబ్బు పెద్దయ్యాక మొదలైన 14 మంది గురించి రాశాడు. చిన్నపిల్లల జబ్బనే పేరు కూడా నిలవలేదన్నమాట.

1992లో మెతొట్రెక్సేట్ పిల్లల్లో పనిచేస్తుందని 127 మందితో జరిగిన ట్రయల్ చూపించింది. 1999లో అమెరికాలో ఎటనర్‌సెప్ట్‌కి అనుమతి వచ్చింది. ఇప్పుడు చక్రాల కుర్చీ దాకా వెళ్ళేవాళ్ళు చాలా తక్కువ. అయినా మూడోవంతు నుంచి సగం దాకా, కొన్ని లెక్కల్లో అంతకన్నా ఎక్కువమంది, జబ్బుతోనో మందులతోనో పెద్దవాళ్ళవుతున్నారు. నేను మెతొట్రెక్సేట్ తరం వాణ్ణి, అదృష్టవంతుల లెక్కే.

కంటి సంగతి మాత్రం నాకెవరూ చెప్పలేదు. ఈ జబ్బులో కంటి లోపల వచ్చే వాపు చాలాసార్లు ఎర్రబడదు, నొప్పి పెట్టదు. స్లిట్ ల్యాంప్‌తో చూస్తేనే దొరుకుతుంది. పిల్లల డాక్టరు దగ్గర్నుంచి పెద్దల డాక్టరు దగ్గరికి మారినప్పుడు నా పాత ఫైలు రాలేదు. ఇరవై నాలుగేళ్ళకి ఒక డాక్టరమ్మ "కళ్ళు ఎప్పుడు చూపించుకున్నావు బాబూ?" అని అడిగితే, పవర్ చెకింగ్ గురించి అనుకుని పదో క్లాసులో అని చెప్పాను. అప్పటికే ఎడమ కంట్లో మచ్చ ఉంది.