సాలుమరాల కింద లెక్కకు రాని కూలి

బాటల వెంట మర్రిచెట్లు నాటించానని, బావులు తవ్వించానని అశోక చక్రవర్తి ఢిల్లీ–తోప్రా స్తంభశాసనంలో చెప్పుకున్నాడు. ఆ మొక్కలకు నీళ్లు మోసినవారెవరో, వారికి ముట్టిన భత్యమెంతో శాసనం చెప్పదు. రాజు చేసిన పని కనుక వ్యయం బొక్కసానిదే అనుకోవచ్చు. కర్ణాటకలోని మాగడి తాలూకా హులికల్ గ్రామంలో ఆ పనికే పూనుకొన్న దంపతులకు అటువంటి బొక్కసమేదీ లేదు.

తిమ్మక్క, చిక్కయ్య దినకూలీలు. సంతానం లేదు. హులికల్ నుంచి కుదూరు వెళ్లే బాట పొడవునా మర్రికొమ్మలు నాటడం ప్రారంభించారు. మొదటి ఏడు పది, మరుసటి ఏడు పదిహేను, ఆపై ఇరవై. నాటడం వానకాలపు పని, కష్టమంతా వేసవిలోనే. బిందెలతో నీరు మోయాలి, పశువులు మేయకుండా ముళ్లకంప కట్టాలి. దినకూలీకి కాలమే మూలధనం. బాట మీద గడిచిన ప్రతి పూట కూలి లేని పూటే. ఈ నష్టం ఏ పద్దులోనూ నమోదు కాలేదు. ఆ చెట్ల సంఖ్య మాత్రం 385గా స్థిరపడింది. అవి ప్రభుత్వ ఆస్తి అయ్యాయి.

కన్నడిగులు ఆమెను ‘సాలుమరద’ తిమ్మక్క అన్నారు. నాగలి చాలును మన రైతులు సాలు అనడం కద్దు. ‘మర’ మన మ్రానుకు చుట్టమే. బిరుదు ఇంత దగ్గరిదైనా ఆమె బతుకు తెలుగువారికి తెలిసింది ఆలస్యంగానే.

1991లో చిక్కయ్య మరణించారు. 1990ల మధ్యలో జాతీయ పౌర పురస్కారం, 2019లో పద్మశ్రీ తిమ్మక్కను వరించాయి. అయితే సన్మానం వేరు, జీవిక వేరు. ప్రశంసాపత్రాలు పేరుకుపోయిన ఇంట్లోనే చాలాకాలం కొద్ది వందల రూపాయల పింఛను ఆధారమైంది. సత్కరించే చేయి ఉదారమే గాని, పోషించే చేయి బిగుతుగానే ఉండిందని చెప్పక తప్పదు.

ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలోనూ ఇదే కథ. సైకిలుపై విత్తనాలు, మొక్కలు మోసిన దరిపల్లి రామయ్య వాటి ఖర్చు కోసం ఉన్న మూడెకరాలూ అమ్ముకున్నారు. ‘వనజీవి’ అన్నది లోకం ఆయనకిచ్చిన పేరు. పొలం లేని సంసారాన్ని నెట్టుకొచ్చిన భాగం జానమ్మది. ఆమెను ఏ బిరుదూ వరించలేదు. 2017లో రామయ్యకు పద్మశ్రీ లభించింది. 2025 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు. అదే ఏడు నవంబరులో తిమ్మక్క మరణించారు.

పద్మశ్రీ అందిన 2019లోనే హులికల్ బాటకు విస్తరణ ప్రతిపాదన వచ్చింది. ఆ మర్రిచెట్లపై ఆమెకు చట్టరీత్యా ఏ హక్కూ లేదు. నూరేళ్లు దాటిన వయసులో, తాను పెంచినవాటిని నరకవద్దని పాలకులను వేడుకోవలసి వచ్చింది. మరో మార్గం చూస్తామని ప్రభుత్వం మాట ఇచ్చింది.