మైదాన్ ముందా, ఉస్తాద్ ముందా?

మదనపల్లెలోనో పుంగనూరులోనో, కుప్పంలోనో, హార్స్లీ హిల్స్ కింది పల్లెల్లోనో క్రికెట్ ముచ్చట్ల మధ్య ఫుట్‌బాల్ మాట వచ్చిందంటే చాలు, బహస్ మొదలవుతుంది. కాలేజీకి టర్ఫ్ వేయాలి, ఫ్లడ్‌లైట్లు పెట్టాలి, జిమ్ కట్టాలి, అప్పుడే మన పిల్లలు పైకొస్తారని కొందరంటారు. అవన్నీ ఉన్నచోట మాత్రం ఏం ఒరిగిందని ఇంకొందరు అడుగుతారు. ఇద్దరి మాటలోనూ సగం నిజముంది. మిగతా సగం మన తారీఖ్‌లో వెతకాలి.

ఆ తారీఖ్‌లో మొదటి పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909లో పుట్టిన హైదరాబాదీ. ఉస్మానియా యూనివర్సిటీలో చదివి, అక్కడి జట్టుకు ఆడారు. పేషా మాత్రం బడిపంతులు. కాచిగూడ, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. ఆ ఏడు మొదలుకొని 1954 దాకా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను ఆ జట్టు వరుసగా ఐదుసార్లు గెలిచింది. అప్పటికి టర్ఫ్ లేదు, జిమ్ లేదు.

మరి ఆయన దగ్గర ఉన్నదేమిటి? పిల్లల కోసం కొత్త రకం పోటీలు పెట్టేవారు. ఒక టోర్నమెంట్‌లో డ్రిబ్లింగ్ మనా. బంతి అందగానే పాస్ ఇచ్చేయాలి. పది మందిని తప్పించుకుంటూ పరిగెత్తాలనే షౌఖ్ అక్కడ పనికిరాదు. బంతి రాకముందే తోటివాడు ఎక్కడున్నాడో చూసుకునే అలవాటు దానంతటదే వస్తుంది. ఇంకో టోర్నమెంట్‌లో బలహీనమైన కాలుతోనే ఆడాలి. కుడికాలు వాటం ఉన్నవాడు ఎడమ కాలుతో తడబడుతూ, కింద పడుతూ, కొన్నాళ్లకు రెండు కాళ్లవాడవుతాడు. ఖర్చు చూస్తే ఒక బంతి, రెండు గోల్ స్తంభాలు, ఒక ఉస్తాద్. ఇవాళ అకాడమీల్లో ఫీజు కట్టించుకుని నేర్పే హునర్‌ను ఒక టీచర్ సాబ్ మట్టి మైదానంలో అలా నేర్పారు.

అలాగని గరీబీని పొగడకూడదు. రహీమ్ సాబ్ తారీఖ్‌లోనే దానికీ సబక్ ఉంది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఆయన జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం తెచ్చింది. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. ఆ షికస్త్ తర్వాతే మన దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. అంటే సామాన్ కూడా కావాలి. బూట్లు లేనివాడికి ఎంత హునర్ ఉన్నా, చలిలో, తడి గడ్డి మీద కాలు నిలవదు.

బూట్లు వచ్చాయి, తాలీమ్ ఎలాగూ ఉంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్‌తో పాటు సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పేద ఇంట పెరిగిన తులసీదాస్ బలరామ్ కూడా ఉన్నాడు. మైదాన్‌లో ఉస్తాద్ చూసింది కాళ్లనూ దిమాగ్‌నూ, పేరును కాదు. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి రెండో ఆసియా స్వర్ణం తెచ్చేనాటికి రహీమ్ సాబ్‌కు క్యాన్సర్. 1963 జూన్ 11న కన్నుమూశారు.

ఆయన నాటిన చెట్టు ఇంకొన్నాళ్లు కాయలు కాసింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత మళ్లీ మనకు ఆ ట్రోఫీ రాలేదు. ఒక మనిషి దగ్గరున్న ఇల్మ్‌ను ఇదారాగా మార్చలేదు. పదిమంది షాగిర్దులను కోచ్‌లుగా బడుల్లో, కాలేజీల్లో కూర్చోబెట్టి ఉంటే కథ వేరేగా ఉండేదని నా ఖయాల్.

దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. గచ్చిబౌలిలో పెద్ద స్టేడియం ఉంది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది, 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. అభిమానులు ఈద్ చేసుకున్నంత ఖుషీ అయ్యారు. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది. కప్పు జ్ఞాపకం మిగిలింది. మన గల్లీ పిల్లలకు దక్కిన తాలీమ్ ఎంత?

మన రాయలసీమలో అనంతపురం స్పోర్ట్స్ విలేజ్ ఇంకో దారి చూపింది. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అక్కడ మైదానాలనూ కోచ్‌లనూ ఒక్కచోట పెట్టి, పల్లె పిల్లలకు ఆట నేర్పింది. అబ్బాయిలతో పాటు అమ్మాయిలకూ చోటిచ్చింది.

కాబట్టి మన ఊరి కాలేజీకి కొత్త మైదానం మంజూరైతే సంతోషించండి, దావత్ ఇవ్వండి. కానీ శంకుస్థాపన నాడే నాలుగు సవాళ్లు అడగండి. జీతమిచ్చి పెట్టుకున్న కోచ్ ఎవరు? కాలేజీ వదిలాక గేటుకు తాళం వేస్తారా, మొహల్లా పిల్లలను రానిస్తారా? బూట్లు కొనలేని పిల్లవాడికి బూట్లు ఎవరిస్తారు? మన బిటియాలకు ఆడే వేళ ఉందా? జవాబులు సరిగా రాకపోతే అది ఫోటోలకు పనికొచ్చే పచ్చిక మాత్రమే. సరిగా వస్తే మట్టి నేలైనా ఫర్వాలేదు, అక్కడ ఇంకో నస్ల్ తయారవుతుంది.